దారం కట్టని సంచి

విత్తనాల పరీక్ష గదిలో అతన్ని అందరూ మొలకలాయన అంటారు. ఆ పేరు ఎవరు పెట్టారో తెలియదు. ఇరవై రెండేళ్ళుగా అదే గదిలో అదే పని చేస్తున్న మనిషికి అసలు పేరుతో ఎవరికి మాత్రం ఏం అవసరం? ఉదయం తొమ్మిదికి వస్తాడు. గాజు పళ్ళేల మూతలు ఒక్కొక్కటే ఎత్తి, తడికాగితం మీద పరిచిన వంద గింజల్లో ఎన్ని మొలిచాయో, ఎన్ని కుళ్ళిపోయాయో, ఎన్ని ఏ సంగతీ తేల్చుకోకుండా అలాగే పడున్నాయో లెక్కపెట్టి రాసుకుంటాడు. ఆ మూడో రకం గింజలంటే అతనికి లోలోపల ఏదో అభిమానం. ఎవరితోనూ అనలేదు.

మూడేళ్ళుగా అతను ఒకే సమస్య పట్టుకుని కూర్చున్నాడు. ఉప్పు పేరుకున్న నేలలో కొత్తిమీర మొలవదు. మొలిచినా రెండాకుల దగ్గరే మాడిపోతుంది. అయితే విత్తే ముందు ధనియాల్ని ఒక పల్చటి ఆమ్లం కలిపిన నీళ్ళలో పన్నెండు గంటలు నానబెట్టి, మళ్ళీ మొదటి బరువుకు వచ్చేదాకా నీడన ఆరబెట్టి, అప్పుడు విత్తితే వాటి తీరు మారుతుంది. ఒకసారి కష్టం రుచి చూసిన గింజ రెండోసారి అంతగా కంగారు పడదు. అతని లెక్కల్లో ఇది నిజమనే తేలింది. ఉప్పు కలిపిన మట్టి పళ్ళేల్లో, ఏమీ చెయ్యని గింజలు వందకి పద్నాలుగో పదిహేనో మొలిస్తే, అతను నానబెట్టినవి నలభై దాటాయి. కాని పళ్ళెం వేరు, పొలం వేరు. పొలంలో కూడా తేలితే తప్ప ఆ కాగితాలకి విలువ లేదు.

పొలం అక్కది. బస్సులో రెండు గంటల దూరం. దాని చుట్టూ ఉన్న పొలాలన్నీ ఒకటొకటిగా చేపల చెరువులైపోయాయి. చెరువుల్లో నింపిన ఉప్పునీరు గట్ల అడుగునుంచి ఊరుతూ అక్క మళ్ళలోకి చేరింది. పొద్దున్నే చూస్తే మడి మీద ఎవరో సున్నం చల్లి వెళ్ళినట్టు తెల్లటి పొర. రెండేళ్ళు వరసగా వేసిన కొత్తిమీర వేసినట్టే పోయింది. బావ ఇంక ఓపిక పట్టలేనన్నాడు. ఈ ఒక్క పంట చూస్తాను, దిగువ మడిలో మొక్క నిలబడిందా సరేసరి, లేదా మనమూ తవ్వించి చెరువు చేసేద్దాం అన్నాడు. బావ నవ్వులాటగా అన్న మాట కూడా నిలబెట్టుకునే రకం. తవ్వడమంటే మిషను రెండు రోజుల్లో మనిషి లోతు మట్టి ఎత్తేస్తుంది. అందులో ఉప్పునీరు నింపాక ఆ నేల ఇక ఏ జన్మకీ నేల కాదు. అక్క ఆ మళ్ళలో ఇరవై ఏడేళ్ళుగా పని చేస్తోంది. ఆమె మొగుడితో వాదన పెట్టుకోలేదు. తమ్ముడికి ఫోన్ చేసి, నీ గింజలేవో ఉన్నాయన్నావు కదా, నా నేలలో వెయ్యి అంది. తనకోసం అక్క ఏదైనా అడగడం అతని ఎరుకలో అదే మొదటిసారి.

ఆ మాట అతన్ని కదిలించింది. కదిలించిందన్న సంగతిని కూడా అతను కొంచెం ఎడంగా ఉండే గమనించాడు, గోడ అవతలి ఇంట్లో మోగుతున్న రేడియో విన్నట్టు.

రెండు గుడ్డసంచులు తీసుకువెళ్ళాడు. రెండింటిలోనూ పప్పులుగా చిదిమిన ధనియాలే. మందు నీళ్ళలో నాని ఆరిన గింజల సంచి మూతికి నీలం దారం కట్టాడు. రెండోదానికి ఏమీ కట్టలేదు. ఏమీ చెయ్యని గింజ పక్కన పెరిగితేనే కదా, చేసినదాని గొప్ప తెలిసేది. ఈ సంగతంతా అక్కకి విడమరచి చెప్పాడు. ముట్టుకోవద్దన్నాడు. వచ్చే ఆదివారం తనే వచ్చి, సాలు విడిచి సాలు, దగ్గరుండి వేయిస్తానన్నాడు. అక్క తలూపింది. ఆమె తలూపితే విన్నట్టు లెక్క; ఒప్పుకున్నట్టు కాదు. ఆ తేడా అతనికి చిన్నప్పటినుంచీ తెలుసు, కాని ఆ రోజు గుర్తు రాలేదు.

ఆదివారం ఉదయం లేచాక అతనికి అక్క ఇల్లు కళ్ళ ముందు కదిలింది. పొద్దంతా ఆగని టీవీ, వచ్చిపోయే ఇరుగుపొరుగు, ప్రతి మాటకీ బావ వేసే జోకులు, తిను తినమని అక్క పోరు. ఆ ఇంట్లో ఒక పూట గడిపితే అతనికి రెండు రోజులు ఒళ్ళు బరువుగా ఉంటుంది. వాళ్ళ మీద కోపం లేదు. మనుషుల మధ్య ఉన్నంతసేపూ తను ఎలా కనిపిస్తున్నాడో తనే కాపలా కాస్తుంటాడు. అలసట ఆ కాపలాది. ఫోన్ తీసి, జ్వరంగా ఉంది, బుధవారం వస్తానని చెప్పాడు. చెప్పాక ఆ మూడు రోజులూ నిజంగానే కొంచెం వెచ్చగా ఉన్నట్టనిపించి నుదురు తాకి చూసుకుంటూ గడిపాడు.

బుధవారం వెళ్ళాడు. దిగువ మడిలో పన్నెండు సాళ్ళు గీసి, ఒక్కో సాలులో వంద గింజల చొప్పున వేశారు. దారం సంచి గింజల సాళ్ళకి నీలం రంగు పుల్లలు, రెండోవాటికి ఉత్త పుల్లలు. ప్రతిదీ తూచి చూసే మనిషి ఆ రోజు సంచులు తూచలేదు. నాలుగు గంటల బస్సు అందుకోవాలన్న ధ్యాసలో ఉన్నాడు.

పన్నెండో రోజున లెక్క చూడటానికి వచ్చాడు. గట్టు మీదనుంచే ఏదో తేడా కనిపించింది గాని, కళ్ళతో చూసి ఒక మాట అనుకోవడం అతని పద్ధతి కాదు. లెక్కకోసం తెచ్చిన చెక్క చట్రం నేల మీద పెట్టి, మోకాళ్ళ మీద కూర్చుని, ఒక్కో సాలూ లెక్కపెట్టాడు. నీలం పుల్లల సాళ్ళలో వందకి నలభై ఒకటి. ఉత్త పుల్లల సాళ్ళలో అరవై మూడు. మళ్ళీ లెక్కపెట్టాడు. మూడోసారి చివరి సాలునుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ వచ్చాడు. అంకె మారలేదు.

ఆ క్షణంలో తన లోపల జరిగిందేమిటో తర్వాత బస్సులో కూర్చుని దారాలు విడదీసినట్టు విడదీసి చూసుకున్నాడు. ముందుగా కలిగింది సంతోషం కాదు. సగం సాళ్ళు పచ్చగా ఉన్నాయి, ఈ మట్టిలో ఇన్నాళ్ళకి ఒక మొక్క నిలబడింది, అక్క నేల దక్కేలా ఉంది అన్న ఊహ అతని దరిదాపుల్లోకి కూడా రాలేదు. పచ్చగా ఉండవలసినవి ఇవి కావు, అన్న మాటొక్కటే వచ్చింది. మూడేళ్ళ పని ఏమీ చెయ్యని గింజల ముందు ఓడిపోయిందనిపించింది. అవి వట్టి నీళ్ళు కూడా చూడని గింజలని అప్పటికి అతని నమ్మకం.

బావ గట్టు మీద నిలబడి ఇదంతా చూస్తున్నాడు. "ఏం డాక్టరూ," అన్నాడు, "మందు తాగినవాళ్ళింకా పడకలోనే ఉన్నారు. తాగనివాళ్ళు లేచి తిరుగుతున్నారే?"

మామూలుగా అయితే అతను ఒక నవ్వు నవ్వి ఊరుకునేవాడు. ఆ రోజు నోరు జారాడు. జారినట్టు కూడా కాదు, ఒక్కో మాటా ఏరి, సర్ది, నింపాదిగా అన్నాడు. "ఈ లెక్కని నమ్మకండి బావా. ఎక్కడో ఏదో పొరపాటు జరిగింది. ఇక్కడ మొలిచింది కదా అని మళ్ళీ వేస్తే మొలుస్తుందని నేను చెప్పలేను."

"చెప్పలేవు."

"చెప్పలేను."

బావ జోకు కూడా వెయ్యకుండా గట్టు దిగాడు. అక్క బకెట్టు పట్టుకుని నాలుగడుగుల దూరంలోనే ఉంది. ఏదో అనబోయి, తమ్ముడి మొహం చూసి, ఆ మాట మింగేసింది. అది అతను చూశాడు. తన ఓటమికి జాలి పడుతోందనుకుని, ఆ జాలికి కూడా కొంచెం కోపం తెచ్చుకున్నాడు.

రెండో తారీకున, మధ్యాహ్నం, ఆఫీసు ఫోనుకి అక్క చేసింది. ఇంటి సంగతులేమీ ఎత్తకుండా, మీ బావ మిషనువాడితో మాట్లాడేశాడు, పద్దెనిమిదిన వస్తాడట అంది.

"అదేంటి? సగం మొలిచింది కదా."

"నువ్వే కదా నమ్మొద్దన్నావు. ఆయన నా మాట వింటాడా? నీ మాట వింటాడు. చదువుకున్నవాడివని." ఆమె గొంతు తగ్గించింది. "నేనొకటి చేశాన్రా. చెబితే నీ ఉద్యోగానికి ఏం ముప్పొస్తుందోనని ఆ రోజు ఊరుకున్నాను."

దారం లేని సంచిని ఆమె నానబెట్టింది. ఆదివారం విత్తుదామన్నాడు కదా అని శనివారం సాయంత్రం నానబెట్టింది. ముట్టుకోవద్దని అతను చెప్పింది మరిచిపోయి కాదు. ఆమె జీవితంలో ఎన్నడూ పొడి ధనియాలు నేలలో వెయ్యలేదు, వెయ్యడానికి చెయ్యి రాలేదు. పైగా ఒక సంచికేమో అన్ని సేవలూ చేసి, దారం కూడా కట్టి, రెండోదాన్ని అలా మూలన పడేస్తే దాన్ని చూసి ఆమెకి జాలేసింది.

"నాకిది కొత్తా ఏంటి?" అంది, నవ్వు ఆపుకుంటూ. "చిన్నప్పుడు మందు సీసాలన్నీ నీకు. ఖాళీ అయ్యాక ఆడుకోమని నాకు."

అతను నవ్వలేదు. ఏ నీళ్ళలో నానబెట్టావని అడిగాడు. ఆ రోజు వీధి కుళాయి రాలేదట. బావి నీళ్ళే పోసింది. ఆ బావి నీళ్ళు నోట్లో పోసుకునేవి కావు. నేలలోని ఉప్పంతా అందులోకి దిగింది. గిన్నెలు కడిగితే ఆరాక గిన్నె మీద తెల్లటి చారలు మిగులుతాయి. తర్వాతేం చేశావని అడిగాడు. తర్వాత చేసేదేముంది, తెల్లారేసరికి నువ్వు జ్వరమన్నావు. నానిన గింజ మూడు రోజులు ఆగితే సంచిలోనే మొలకెత్తి కూర్చుంటుంది. అందుకని నీళ్ళు వంచేసి, సామాన్ల గదిలో పాత దుప్పటి మీద పల్చగా పరిచి, నీడనే ఆరబెట్టి, మళ్ళీ సంచిలో పోసేశాను అంది.

ఫోను పెట్టేశాక అతను కాగితం ముందు పెట్టుకుని ఆమె చెప్పినవి వరసగా రాశాడు. పల్చటి ఉప్పునీళ్ళు. ఒక రాత్రి. తర్వాత నీడన ఆరడం. అతను మూడేళ్ళు తూకాలు వేసి కట్టిన పద్ధతే అది, ఆమ్లానికి బదులు బావి నీళ్ళు. ఎప్పటిలాగే నానబెట్టి ఆ తడితోనే వేసుంటే అది అక్క పాత అలవాటు, రెండేళ్ళుగా ఫలితం లేనిది. ఆరబెట్టడం వల్లే అది వేరే పని అయింది. ఆరబెట్టడానికి కారణం ఎవరు? లేని జ్వరం తెచ్చుకుని ఇంట్లో పడుకున్నవాడు. పొలం దక్కడానికి ఏదైనా చేశాడంటే అతను చేసింది ఆ అబద్ధం ఒక్కటే. పొలం పోవడానికి చేసింది మాత్రం నిజం చెప్పడం. పొరపాటు జరిగిందన్న మాట అక్షరాలా నిజమే అయింది. అబద్ధమాడితే తప్పయిందని ఒక్క మాటతో వెనక్కి తీసుకోవచ్చు. ఇలాంటి నిజాన్ని వెనక్కి తీసుకోవడం ఎలాగో అతనికి తోచలేదు.

ఒకటి మాత్రం తోచింది. బావకి మాటలు చాలవు. అక్క చేసినదాన్ని మళ్ళీ చేసి, ఆ మట్టిలోనే మొలిపించి చూపించాలి. పద్దెనిమిదిలోపల.

మర్నాడు పొద్దున్నే అక్క బస్సు దిగి ఆఫీసుకి వచ్చింది. ఒక చేతిలో క్యాను నిండా బావి నీళ్ళు, ఇంకో చేతిలో గోనెసంచి నిండా దిగువ మడి మట్టి. చంకలో మడత పెట్టిన పాత దుప్పటి. గేటు దగ్గర కాపలామనిషి ఆపి, లోపలేం కడతారమ్మా అని అడిగాడట. మా తమ్ముడు బొమ్మరిల్లు కట్టుకుంటాడు అని చెప్పి వచ్చేసింది.

ఇరవై రెండేళ్ళలో ఆమె ఆ గదికి రావడం అదే మొదలు. అలమారా లాంటి మొలకల పెట్టె, వరసగా గాజు పళ్ళేలు, చీటీలు, వెంట్రుక బరువుకి కూడా ముల్లు కదిలే త్రాసు, కిటికీ పక్కన ఒంటి కుర్చీ. అన్నీ చూసి, ఆ ఒక్క కుర్చీ దగ్గర ఆమె చూపు ఆగింది. రెండో కుర్చీ ఏదిరా అని అడగలేదు. ఎత్తు బల్ల లాక్కుని కూర్చుంది.

ఆమె ఎలా చేసిందో అలాగే, అంతే నీళ్ళతో, అదే చేత్తో చెయ్యమన్నాడు. పక్కన కాగితం, కలం పట్టుకుని నిలబడ్డాడు. నీళ్ళెంత అని అడిగితే ఆమె గింజల మీద చెయ్యి నిలబెట్టి రెండు వేళ్ళు మునిగేంత అంది. రెండు వేళ్ళ కింద అతను స్కేలు పెట్టి కొలిచాడు. కలిపేటప్పుడు ఎటువైపు తిప్పావని అడిగాడు. ఆమె అతని మొహంలోకి చూసి, గింజకి తల తిరగనంత మెల్లగా తిప్పాను, అది కూడా రాసుకో అంది. అతను నిజంగానే 'మెల్లగా' అని రాశాడు.

"ఆరిందని ఎలా తెలుస్తుంది నీకు?"

"కొరికి చూస్తాను. టక్కుమంటే ఆరినట్టు. మెత్తగా నలిగితే ఇంకో పూట ఉంచాలి."

"తూకం వెయ్యవా?"

"పళ్ళున్నాయిగా."

ఆ రోజంతా గది మామూలుగా లేదు. ఎవరైనా పక్కనుంటే మొదలయ్యే లోపలి కాపలా కోసం అతను ఎదురు చూశాడు. అది వచ్చింది, కాని మాటిమాటికీ పని మధ్యలో మరిచిపోతున్నాడు. అక్క కూడా తక్కువే మాట్లాడింది. సాయంత్రం బస్సుకి బయల్దేరుతూ, చెప్పులు వేసుకుంటూ, తల ఎత్తకుండానే ఒక మాట అంది.

"నీకు ఆ రోజు జ్వరం లేదని నాకు తెలుసులే."

అతను కలానికి మూత పెట్టాడు.

"జ్వరమొస్తే నువ్వు ఫోన్ చెయ్యవు. ఎవరికీ చెప్పకుండా పడుకుంటావు. చేశావంటే లేనట్టే."

కోపం ఏమైనా ఉందేమోనని అతను ఆమె గొంతులో వెతికాడు. లేదు. ఎన్నో ఏళ్ళుగా తెలిసిన విషయం చెబుతున్నట్టు చెప్పింది, ఈ బస్సు ఎప్పుడూ లేటే అన్నంత మామూలుగా. తను రాకపోవడాన్ని అక్క ఇన్నాళ్ళూ లెక్కలోకి తీసుకుంటూనే బతికిందని, ప్రతిసారీ అందుకు తగ్గట్టు తన పనులు సర్దుకుందని అతనికి అప్పుడు తెలిసింది. తన ఏకాంతం తన సొంత వ్యవహారమనుకున్నాడు. దానికి అవతల చివర కూడా ఒక మనిషి ఉండి మోస్తోంది.

తెల్లారాక నీళ్ళు వంచేసి గింజల్ని ఆమె తెచ్చిన దుప్పటి మీద పరిచాడు. మూడో రోజున దాని మీదనుంచి ఒక గింజ తీసి కొరికాడు. టక్కుమంది. నాలుక మీద కొంచెం ఉప్పు, తర్వాత కారంలాంటి వాసన. ఇన్నేళ్ళలో ఒక్క గింజైనా నోట్లో వేసుకోలేదని అప్పుడు గుర్తించాడు. అలవాటు కొద్దీ మిగతా గింజల్ని తూచి చూశాడు. మొదటి బరువుకీ దీనికీ తేడా లేదనే చెప్పాలి.

ఆరో తారీకున మూడు పళ్ళేల్లో దిగువ మడి మట్టి నింపి వంద చొప్పున విత్తాడు. ఒకదానిలో ఏమీ చెయ్యని గింజలు, ఈసారి నిజంగానే ఏమీ చెయ్యనివి, ఒకదానిలో తన ఆమ్లంలో నానినవి, ఒకదానిలో అక్కవి. పై అధికారిణికి జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఆమె కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, ఈ ఏడాది పొలం లెక్క చెల్లదు, కొట్టెయ్యండి అంది. అతను ఆమె ఎదుటే ఆ పేజీ మీద అడ్డంగా గీత గీశాడు. అనుకున్నంత బాధ కలగలేదు. ఒక పంటి మీద ఎంతో కాలంగా నాలుక ఆడించి ఆడించి, అది ఊడిపోయాక ఖాళీని తడుముకున్నట్టుంది. అతను తలుపు దాకా వెళ్ళాక ఆమె పిలిచి, మీ అక్కగారు చేసినదంతా వివరంగా రాసిపెట్టండి, రెండు వేళ్ళతో సహా అంది.

పదిహేడు ఉదయానికి లెక్క తేలింది. మూడు పళ్ళేల్నీ అట్టపెట్టెలో పెట్టి, అక్క తెచ్చిన క్యానుతో సహా బస్సెక్కి, పెట్టె ఒళ్ళో పెట్టుకున్నాడు. కుదుపు వచ్చినప్పుడల్లా మోచేతులతో పెట్టెకి అడ్డం కాస్తూ, బావతో అనవలసిన మాటలు వరసగా పేర్చుకున్నాడు. పేర్చినవి పేర్చినట్టే మళ్ళీ కూలిపోతున్నాయి.

పద్దెనిమిదిన రావలసిన మిషను ఆ రోజే వచ్చేసింది. పక్క చెరువు పని ముందే అయిపోయిందట. గట్టు మీద, పసుపుపచ్చ రంగులో, ముక్కు నేలకి ఆనించి నిలబడి ఉంది. దాని నీడలో డ్రైవరు పడుకున్నాడు. రేపు పొద్దున్నే ఎగువనుంచి మొదలుపెడతాడని అక్క చెప్పింది. ఆమె దిగువ మడిలో మొక్కల మధ్య కలుపు తీస్తోంది. రేపు మట్టి కింద కలిసిపోబోయే మడిలో కలుపెందుకని అతను అడగలేదు.

బావ వరండాలో ఉన్నాడు. అతను పళ్ళేలు బల్ల మీద పెట్టి, ఇది మీ మడి మట్టే, మీరే లెక్కపెట్టండి అన్నాడు. బావ ఒకసారి అతన్నీ ఒకసారి పళ్ళేల్నీ చూసి, కుర్చీ దగ్గరికి లాక్కుని, వేలు పెట్టి, పెదాలు కదిలిస్తూ లెక్కపెట్టాడు. మొదటిదానిలో పద్నాలుగు. రెండోదానిలో నలభై నాలుగు. మూడోదానిలో అరవై ఆరు.

"ఈ అరవై ఆరు నీ మందేనా?"

"కాదు. అక్కది. మీ బావి నీళ్ళు."

సంచి నానబెట్టిన సంగతి, ఆరబెట్టిన సంగతి, అది ఎందుకు ఆరబెట్టవలసి వచ్చిందో ఆ సంగతి కూడా చెప్పాడు. జ్వరం లేదన్న మాట కూడా దాచలేదు. తర్వాత, "ఆ రోజు నేను నమ్మొద్దన్నది పొలం మంచి చూసి కాదు బావా. నావి ఓడిపోయాయని అన్నాను," అన్నాడు.

ఒక జోకు పడుతుందని అతను కాచుకుని ఉన్నాడు. బావ మొహంలో నవ్వు లేదు.

"నువ్వెందుకన్నావో నాకెందుకు?" అన్నాడు. "మళ్ళీ వేస్తే మొలుస్తుందా, మొలవదా? ఆ ఒక్కటీ చెప్పు."

"ఈ నేలలో అక్క చేసినట్టే చేస్తే వందకి అరవై మొలుస్తాయి. మొలిచినవన్నీ కోతదాకా నిలబడతాయా అంటే, తెలీదు. అది నేనింకా చూడలేదు."

"తెలీదు."

"తెలీదు. చూడాలంటే నేల ఉండాలి."

బావ లేచి, చెప్పులు వేసుకుని, మడి వైపు నడిచాడు. అతను వెనకే వెళ్ళాడు. అక్క లేచి నిలబడింది గాని, దగ్గరికి రాలేదు, ఏమైందని అడగలేదు. కొడవలి ఎడమ చేతికి మార్చుకుని చూస్తూ ఉంది. బావ సాళ్ళ వెంట నడిచాడు. నీలం పుల్లలు, ఉత్త పుల్లలు అతనికి పట్టలేదు. చివరిదాకా వెళ్ళి, పక్క చెరువు గట్టు దగ్గర కూర్చుని, చెమ్మగా ఉన్న మట్టిలో వేలు గుచ్చి, ఆ వేలు నాలుకకి ఆనించి ఉమ్మాడు. చాలాసేపు అక్కడే కూర్చున్నాడు. తర్వాత వచ్చి మిషను పక్కన నిలబడి డ్రైవర్ని లేపాడు.

చెరువు తవ్వకం వద్దన్నాడు. డ్రైవరు మొహం మాడ్చుకుని, ఇంత దూరం దీన్ని నడిపించుకొచ్చాక ఇప్పుడా చెప్పేది అని సణిగాడు. వచ్చినవాడివి ఊరికే పోవడమెందుకు, ఈ గట్టు పొడుగునా కాలవ ఒకటి తవ్వు, వాళ్ళ ఉప్పునీరు మా వైపు రాకుండా అందులోకి దిగి పోవాలి అన్నాడు బావ. ఎంత లోతని డ్రైవరు అడిగాడు. బావ మొలకలాయన వైపు తిరిగాడు.

"ఎంత లోతు చెప్పు డాక్టరూ. ఇదైనా తెలుసా?"

"వేళ్ళు దిగేదానికంటే లోతుండాలి. నడుం దాకా తవ్వించండి," అన్నాడు అతను.

మిషను కదిలింది. మొదటి తట్ట మట్టి లేచాక ఆ గోతిలోకి చెరువు వైపునుంచి సన్నగా నీరు దిగడం మొదలైంది. అది చూడటానికి అక్క కూడా వచ్చింది. ముగ్గురూ గోతిలోకి వంగి చూశారు. తర్వాత అక్క, ఎగువ మడికి కూడా ఈ వారమే నానబెట్టాలి, ఎన్ని గింజలు పడతాయో లెక్క చూడమని అతనితో అంది.

అతను వరండాకి వెళ్ళాడు. ఎండ జరిగి పళ్ళేల మీద పడుతోంది. తనలో ఏముందో ఒకసారి తరచి చూసుకున్నాడు. నేల మిగిలినందుకు సంతోషం ఉంది, ఈసారి అది ముందుగానే వచ్చింది. దాని అడుగున, తనవి ఓడిపోయాయన్న గుచ్చుకోవడం ఇంకా అలాగే ఉంది, కొంచెం చిన్నదై. అది పూర్తిగా పోతుందని అతను అనుకోలేదు. పళ్ళేల్ని నీడలోకి జరిపి, క్యానులో అడుగున మిగిలిన నీళ్ళు మూడింటికీ సమంగా పోశాడు. జేబులోంచి కాగితం తీసి ఎగువ మడి కొలతలు రాసుకోవడం మొదలుపెట్టాడు.